మేష్ట్రు కాసిన పనస

మా మేడమీదికి ఒక కుక్క వచ్చి చేరింది. మనవరాలిది. బెంగళూరు నుంచి కారులో తెచ్చి, దాని పరుపు, దాని గిన్నె, దాని మేత డబ్బా అన్నీ దించి, "అజ్జీ, నాలుగు రోజులు చూసుకో, మేం టూరు పోయొస్తాం" అంది. నన్ను అడిగి తేలేదు. నా మోకాళ్ళను అసలే అడగలేదు. మేడమీద నల్ల సంచుల్లో నేను పెంచుకునే టమోటా, పుదీనా, మెంతికూర అన్నిటినీ వాసన చూసి, ప్రతి సంచి దగ్గరా కాలెత్తబోయింది. నేను అరిస్తే వింతగా చూసింది. దానికి తెలుగు రాదు. కన్నడం రాదు. ఇంగ్లీషు మాత్రం వస్తుందట.

పోయేముందు మనవరాలు దానికి అరచెయ్యి చూపించి "స్టే" అంది. కుక్క గడప దగ్గర కూర్చుండిపోయింది. కింద కారు కదిలిన చప్పుడు వినిపించినా లేవలేదు.

లోపల మంచం మీద మా చిన్నమ్మ ఉంది. మా చిన్నాయన భార్య. చిన్నాయన పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. నేను ముసలిదాన్నయితే ఆమె మరీ ముసలిది. ఆమెకు స్నానం చేయించాలి, మాత్రలు మింగించాలి, చెప్పిందే మళ్ళీ చెప్పాలి. విసుగు రాదని అబద్ధం ఎందుకు చెప్పడం, వస్తుంది. ఇద్దరు ముసలివాళ్ళలో కొంచెం తక్కువ ముసలిది ఎక్కువ ముసలిదాన్ని చూసుకోవడం, అదీ మా సంసారం. ఆమెకు కళ్ళు ఆనవు గానీ చెవులు మాత్రం పాము చెవులు.

"యేమంటాండాదే ఆ బిడ్డ కుక్కతో?" అని అడిగింది.

"తానొచ్చేదాకా ఆడే ఉండమంటాండాది."

"ఓ... కాయి అని చెప్తాండాది" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను పుదీనా కోస్తున్నదాన్ని ఆ ఆకులు చేతిలో పట్టుకునే నిలబడిపోయాను. ఆ మాట విని ఎంత కాలమైందో. ఇప్పుడు ఈ సంచుల్లో కాలాలు లేవు. టమోటా ఎప్పుడైనా కాస్తుంది, ఎప్పుడైనా చస్తుంది. చిక్కుడు జాతి అనపకాయలు మండువేసవిలో కూడా అంగట్లో ఉంటాయి, వాసన మాత్రం ఉండదు. ఏ నెలలో ఉన్నామో ఫోను చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు నాకు ఒక కుక్కను చూస్తే తెలిసేది.

నా చిన్నప్పుడు మా ఇంటికి ముందర అంగడి, మధ్యలో ఇల్లు, వెనక పెరడు. రైలుపెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి. అంగట్లో బెల్లం, చింతపండు, తాళ్ళు, గోనెసంచులు. ఇంట్లో ఏ మూల పడుకున్నా బెల్లం వాసనే. పెరట్లో అడుగుపెడితేగానీ లోకంలో వేరే వాసనలున్నాయని ముక్కుకు గుర్తొచ్చేది కాదు. అక్కడ చేదబావి, పక్కన బట్టలుతికే బండ, కరివేపాకు, మునగ, నిమ్మ, కంచె మీద అనపతీగ, చివరి గోడ దగ్గర పనసచెట్టు. ఆ పనసను మా తాత నాటాడంట. తాత పోయాడు, చెట్టు పెరిగింది, ఒక్క కాయ మాత్రం కాయలేదు.

ఇంటికీ పెరటికీ పెత్తనం నాయనను కన్న మా అవ్వది. నాయన, చిన్నాయన అంగడి చూసుకునేవాళ్ళు. అమ్మ వంటిల్లు. చిన్నమ్మ గుడిబండె నుంచి వచ్చిన పిల్ల. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. అందుకని ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక పని కూడా లేదు, ఎవరి పని మిగిలితే అది ఆమెది. బావి నీళ్ళు, అంట్లు, పెరడు ఊడవడం. అమ్మకు తమ్ముళ్ళతోనే సరిపోయేది కాబట్టి నేను చిన్నమ్మ కొంగు పట్టుకుని తిరిగేదాన్ని.

ఇక మేష్ట్రు. మేష్ట్రు అంటే కుక్క. ఇది ముందే చెప్పకపోతే మీరు తికమక పడతారు. మా వీధిలో అద్దెకున్న కన్నడ బడిపంతులుకి దూరంగా ఎక్కడికో బదిలీ అయింది. ఆయన తన కుక్కను మా అంగడి మెట్ల మీద వదిలి, మంచి కుక్క అని మాత్రం చెప్పి బస్సెక్కాడు. దాని పేరేమిటని ఎవరూ అడగలేదు. కన్నడంలో పంతులంటే మేష్ట్రు. మేష్ట్రు కుక్క, మేష్ట్రు కుక్క అంటూ చివరికి మేష్ట్రు మాత్రం మిగిలింది. "మేష్ట్రుకి ముద్ద పెట్టినారా?" "మేష్ట్రు బావికాడ గోక్కుంటాండాడు" అనే మాటలు విని కొత్త చుట్టాలు బిత్తరపోయేవాళ్ళు. ఎర్రటి నాటుకుక్క. ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు.

ఆ పంతులు దానికి కన్నడంలో నాలుగు మాటలు నేర్పిపోయాడు. బా అంటే వచ్చేది. హోగు అంటే పోయేది. కాయి అంటే, నేను వచ్చేదాకా కాచుకో, కావలి ఉండు అని. ఆయన బడి గుమ్మంలో చెప్పులు విడిచి కాయి అంటే, బడి వదిలేదాకా ఆ చెప్పుల పక్కనే పడి ఉండేదంట. సాకు అంటే ఇంక చాలు, లేచి రా అని. ఈ సంగతి మా ఇంట్లో చిన్నమ్మకు ఒక్కదానికే తెలుసు. పంతులింటికి రోజూ మజ్జిగ ఇచ్చి వచ్చేది ఆమే కాబట్టి చూసింది. మాది సరిహద్దు ఊరు, మిగతావాళ్ళకు కన్నడం రాక కాదు. అంగట్లో ఒకరితో తెలుగు, పక్కనే ఇంకొకరితో కన్నడం నడిచేది. రెండు భాషల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఒక తెగులుంది, నోట్లో ఉన్న మాట ఏ భాషదో చూసుకోరు. "ఈ కుక్క ఒగతూరి మాట వింటాది, ఒగతూరి వినదు. తిక్కలది" అని అవ్వ తీర్మానించేసింది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. చెట్టు కాయకపోతే ఆషాఢంలో దాన్ని బెదిరించడం. ఒకరు గొడ్డలి పట్టుకుని నరికేస్తానని మీదికి పోవాలి. ఇంకొకరు అడ్డం వచ్చి మానును కావలించుకుని, వద్దు వద్దు, వచ్చే ఏడు కాస్తుంది, నాది పూచీ అనాలి. గొడ్డలి మనిషి గొణుక్కుంటూ ఒక గాటు పెట్టి వదిలేస్తాడు. చెట్టుకు భయమో సిగ్గో పుట్టి కాస్తుందని నమ్మకం. పూచీ ఉండే మనిషి పిల్లల తల్లి అయ్యుండాలి. ఏటా మా అమ్మ పూచీ ఉండేది. ఏటా ఆ చెట్టు అమ్మ పరువు తీసేది.

ఆ ఏడు అమ్మ కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఆషాఢం గాలికి మునగకొమ్మలు విరిగి పడుతున్నాయి. చిన్నాయన గొడ్డలి భుజాన పెట్టుకుని వచ్చి, నాటకంలో రాక్షసుడిలాగా ఒక అరుపు అరిచాడు. పూచీకి పక్కింటామెను పిలిపిద్దామని అవ్వ తల తిప్పి చూసేలోపల, బావి దగ్గర నీళ్ళు చేదుతున్న చిన్నమ్మ చేద వదిలేసి వచ్చి, తడి చేతులతో మానును వాటేసుకుంది.

"కొట్టొద్దు. నాది పూచీ."

చేద బావిలో పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చిన్నాయన గొడ్డలి దించేశాడు. ఆయన మంచివాడే, కానీ తన తల్లి ముందర నోరు పెగలని మనిషి.

అవ్వ ముఖం నల్లబడింది. "నీకే యెవురూ పూచీ లేరు, దీనికి నువ్వు పూచీనా?" అంది.

చిన్నమ్మ చేతులు తీయలేదు.

"సరే. అన్యావు గదా, నిలబడు. వచ్చే ఆషాఢానికి ఇది కాయకుంటే చెట్టు పోతాది, ఆ జాగాలో బెల్లానికి షెడ్డు లేస్తాది. నువ్వు గూడా పెట్టె సర్దుకుని గుడిబండెకి పో. నా కొడుక్కి నేను వేరే దావ చూసుకుంటా."

వేరే దావ ఏమిటో నాక్కూడా తెలుసు. బట్లహళ్ళిలో ఒక పిల్లను చూస్తున్నారని అమ్మ, నాయన గుసగుసలాడుకోవడం ఆమె కాన్పుకు పోకమునుపే విన్నాను. చిన్నమ్మకు నాకంటే ముందే తెలుసు.

అవ్వ ఆచారం మాత్రం వదల్లేదు. చివర్లో మానును అరచేత్తో చరుస్తూ చెట్టును దబాయించాలి. "కాయి! కాయి! కాయి!" అని చరిచింది. ఉతికే బండ కింద పడుకున్న మేష్ట్రు ఆ మాటకు చెవులు నిక్కించి, లేచి వచ్చి, అవ్వ కాళ్ళ దగ్గర, పనస మొదట్లో కూర్చున్నాడు. అవ్వ ముఖం చూశాడు. తోక ఒకసారి ఆడించి, ముందుకాళ్ళు చాపుకుని పడుకున్నాడు. అంతే, ఇంక లేవలేదు. సాయంత్రమైంది, ముద్ద పెట్టి పిలిచారు, లేవలేదు.

"భైరవుడే వచ్చి కూసున్యాడు" అని అవ్వ రెండు చేతులూ జోడించింది. కాయమని తెలుగులో చెట్టుకు చెప్తే, కాయమని కన్నడంలో కుక్క వింది. అంత చిన్న సంగతి చిన్నమ్మకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు నుంచి మొదలైంది మా ముగ్గురి కాపలా. చిన్నమ్మ, నేను, మేష్ట్రు. పొద్దున్నే చిన్నమ్మ రాగిముద్ద పట్టుకుపోయి మేష్ట్రుకు పెట్టేది. సాకు అని మెల్లగా అంటే వాడు లేచి, ఒళ్ళు విరుచుకుని, పెరడంతా ఒక చుట్టు చుట్టేవాడు. మేం వెనకాల పోయేవాళ్ళం. ఎక్కడ ఏం మారిందో వాడి ముక్కు ముందు చెప్పేది, తరవాత మా కళ్ళకు కనిపించేది. వాడు కరివేపాకు దగ్గర ఆగి తుమ్మితే పూత వచ్చిందన్నమాట. బావిగట్టు ఎక్కకుండా పక్కనుంచి పోతే పాచి పట్టిందన్నమాట. చుట్టు తిరిగి వచ్చాక చిన్నమ్మ పనస దగ్గర నిలబడి కాయి అనేది. మేష్ట్రు మళ్ళీ తన చోట్లో కూర్చునేవాడు.

వంటింటి మెట్టు మీద నుంచి అవ్వ ఇదంతా చూసేది. కోడలు పొద్దున్నే స్నానం చేసి, చెట్టుకు నమస్కారం పెట్టి, కాయి కాయి అని వేడుకుంటోందనుకునేది. ఆ పూట ఆమెను తిట్టేది కాదు.

శ్రావణంలో తుంపర పట్టింది. పెరడంతా బురద, గడ్డి, గొంగళిపురుగులు. ఒకసారి పెద్ద వాన వెలిసి ఎండ రాగానే ఉసిళ్ళు లేచాయి. మేష్ట్రు చోటు వదలకుండా, కూర్చున్నచోటు నుంచే మెడ సాచి, పళ్ళు టకటకలాడించి గాల్లో పట్టుకున్నాడు. చిన్నమ్మ నవ్వింది. ఆమె నవ్వితే పై పెదవి మీద చెమట మెరిసేది. తరవాత తలెత్తి పనస కొమ్మల్లోకి చూసింది. నవ్వు పోయింది.

మంచు పడ్డం మొదలయ్యాక అనపతీగ వాసన లేచింది. ఆ వాసన మంచులో తడిస్తేనే వస్తుంది. కాయ చేతిలో నలిపితే జిడ్డుగా అంటుకుని, మూడు పూటల భోజనం చేసినా పోదు. మా ఇంట్లో పండగలన్నీ ఒక ఎత్తు, పితికిన పప్పు ఒక ఎత్తు. గింజలు నానబెట్టి, వేళ్ళతో ఒక్కొక్కటే పితికితే పప్పు తొక్కలోంచి ఎగిరి బయటపడేది. నేను గురి చూసి పితికి మేష్ట్రు ముక్కు మీద కొట్టేదాన్ని. ఒకసారి గురి తప్పి అవ్వ నుదుటి మీద, సరిగ్గా కనుబొమల మధ్య అతుక్కుంది. వీపు మీద ఒకటి పడింది. ఆ సాయంత్రం పులుసు, రాగిముద్ద, పైన నెయ్యి. దాని ముందర వీపు నొప్పి ఒక లెక్కా!

ఆ చలిలోనే ఒక పొద్దున బండ మీద కూర్చుని గింజలు పితుకుతూ కనిపెట్టాను. చిన్నమ్మ కాయి అంటున్నప్పుడు చెట్టు వైపు చూడటం లేదు. కిందికి చూస్తోంది.

"చిన్నమ్మా, నువ్వు చెప్పేది చెట్టుకి కాదు. కుక్కకి."

ఆమె చటుక్కున వంటింటి వైపు చూసింది. "నోరు మూసుకోవే, అవ్వ వింటాది" అని, తన చేటలోని గింజలు గుప్పెడు తీసి నా ఒళ్ళో పోసింది. నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. గడువు లోపల ఎవరూ గొడ్డలి తేకుండా చెట్టుకు కుక్కను కాపలా పెట్టింది, అంతే కదా. ఇంట్లో పెద్దవాళ్ళకు తెలియనిది నాకొక్కదానికే తెలుసని కొన్నాళ్ళు నేల మీద నడవలేదు.

పుష్యంలో పనసకు పూత రావాలి. వచ్చింది! వేలెడంత పిందెల్లాంటివి కొమ్మలకు పొడుచుకొచ్చాయి. చిన్నమ్మ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. అవ్వ వచ్చి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసి, "అదంతా మొగపూతలే, నల్లబడి రాలిపోతాది" అని వెళ్ళిపోయింది. ఆమె అన్నట్టే రోజుకు కొన్ని నల్లబడి మేష్ట్రు వీపు మీద రాలాయి. మేష్ట్రు వాటిని వాసన చూసి వదిలేశాడు. చిన్నమ్మ వాటిని ఊడ్చి పారెయ్యకుండా చెట్టు మొదట్లోనే కుప్ప పోసింది. అప్పటి నుంచి ఆమె తలెత్తి చూడ్డం మానేసింది.

ఎండలు మొదలవుతూనే ఇల్లంతా చింతపండు. చింతకాయలు కొట్టి, పెంకు తీసి, గింజ తీసే పనికి వీధి ఆడవాళ్ళంతా మా పంచలో కూర్చునేవాళ్ళు. చేతులు పులుపుకు పగిలేవి, నోళ్ళు మాత్రం ఆగేవి కాదు. "ఇంగ యెన్నాళ్ళు చూస్తావమ్మా? మొగబిడ్డ వయసు నిలబడతాదా?" అని ఒకామె అవ్వను అడిగింది. చిన్నమ్మ అక్కడే, గింజలు దోసిట్లో పట్టుకుని ఉంది. "ఆషాఢం దాకా మాటిచ్చినా. మాట మాటే" అంది అవ్వ. అవ్వ మొండిది, గయ్యాళిది. కానీ మాట తప్పే మనిషి కాదు, ఆమెలో అదొక్కటి నాకిప్పటికీ నచ్చుతుంది.

గడువు ఇచ్చింది గానీ మాను ఎంత పలకకు వస్తుందో ముందే తెలుసుకుందామని వడ్రంగి పని చేసే వడ్లాయనను పిలిపించింది. ఆయన కొలతాడు పట్టుకుని చెట్టు దగ్గరికి పోయాడు. మేష్ట్రు లేచి నిలబడలేదు, మొరగలేదు. పడుకునే పై పెదవి ఎత్తి పళ్ళు చూపించాడు. వడ్లాయన వెనకడుగు వేసి, "మానుకేం, దూరం నుంచి చూస్తేనే తెలుస్తాంది, మంచి మాను" అని వెళ్ళిపోయాడు. నేను చిన్నమ్మ కాలు గిల్లాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తరవాత ఆకు రాలడం మొదలైంది. మేష్ట్రు చుట్టూ ఎండిన పనసాకులు మోకాలెత్తు పేరుకున్నాయి. వేసవి ముదిరాక వాడు చల్లదనానికి వేళ్ళ పక్కన గొయ్యి తవ్వుకుని, ఆకులు మీద కప్పుకున్నట్టుగా అందులో ముడుచుకుని పడుకునేవాడు. చివరికి పెరటి చుట్టు తిరగడం కూడా మానేశాడు. సాకు అన్నా కళ్ళు తెరిచి చూసి మూసుకునేవాడు. ముసలివాడవుతున్నాడనుకున్నాం. చిన్నమ్మ కూడా చిక్కిపోయింది. బావిలో నీళ్ళు అడుగంటి, చేద వేస్తే మన్ను వచ్చేది. అందరూ వాన కోసం చూస్తున్నారు, వానతో పాటు ఆషాఢం వస్తుందని మేమిద్దరం మాత్రం వానను తలుచుకోలేదు.

మామిడిపళ్ళు తగ్గేవేళకు ఇంట్లో పనసపండు వాసన రావడం మొదలైంది. వీధిలో బండి వచ్చిందని నన్ను పంపించారు. బండి లేదు. పక్కింట్లో తెచ్చుకున్నారేమో అనుకున్నాం. "వాళ్ళు ఒగ తొన గూడా పంపించలేదు చూడు" అని అవ్వ పక్కింటివాళ్ళను తిట్టిపోసింది.

ఆషాఢం రానే వచ్చింది. గుడిబండె నుంచి చిన్నమ్మ అన్నను పిలిపించారు. ఆయన పాపం, తల వంచుకుని అరుగు మీద కూర్చున్నాడు. పక్కన చిన్నమ్మ ట్రంకుపెట్టె. గొడ్డలి మనిషిని బయట నుంచి తెచ్చారు, చిన్నాయన ఆ పొద్దున్నే అంగట్లోకి పోయి గల్లాపెట్టె ముందు కూర్చుని వెనక్కి తిరగలేదు.

మేష్ట్రు గొడ్డలి మనిషిని దగ్గరికి రానివ్వలేదు. ఈసారి లేచి నిలబడ్డాడు. కట్టెతో బెదిరించారు, ముద్ద చూపించారు. కదల్లేదు.

అవ్వ చిన్నమ్మ వైపు తిరిగింది. "అది నీ మాటే వింటాది. నువ్వే పిలువు."

పిలవొద్దు చిన్నమ్మా అని నాకు అరవాలనిపించింది. ఆమె మెల్లగా నడిచి పోయింది. ఏడవలేదు. ఏడాదంతా చూసి చూసి అలిసిపోయిన ముఖం అది. వంగి మేష్ట్రు తల మీద చెయ్యి పెట్టింది.

"సాకు, మేష్ట్రు" అంది. "సాకు. ఇంగ సాకు."

మేష్ట్రు ఆమె చెయ్యి నాకి, ఆకుల్లోంచి బయటికి వచ్చాడు. వాడు దిగిన గొయ్యిలో నేల పగిలి ఉంది. ఆ పగులులోంచి ఒక్కసారిగా వాసన, ముక్కు బద్దలయ్యేంత వాసన. చిన్నమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఆకులు లాగేసింది. మన్నులో సగం, బయట సగం, ముళ్ళ వీపుతో ఒక పండు. వేరుపనస. మేమంతా ఏడాది పొడుగునా పైకి చూశాం, చెట్టు కింద కాసింది. కాపలా కుక్క ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు.

అవ్వ లోపలికి పోయి పసుపు, కుంకుమ తెచ్చి మానుకు పెట్టింది. చిన్నమ్మ వైపు చూడలేదు. అరుగు దగ్గరికి పోయి, "యెండలో వచ్చినావు, భోంచేసి పో అప్పా" అని ఆ అన్నతో అంది. తరవాత నా వైపు తిరిగి, "ఆ పెట్టె ఆడేమిటికుండాది? తీసి లోపల పెట్టు" అని కసిరింది. అవ్వకు క్షమించమనడం రాదు, ఆమెకు వచ్చింది ఇదే. నేను ఆ పెట్టెను ఈడ్చుకుంటూ చిన్నమ్మ గదిలోకి తీసుకుపోయాను. అంత బరువు ఎట్లా లాగానో తెలియదు.

పండు కోశాం. చేతులకు నూనె రాసుకుని, అరుగు మీద గోనెసంచి పరిచి. నిజం చెప్పాలంటే ఆ పండు బాగాలేదు. చప్పగా, మన్నువాసనగా ఉంది. అందరూ బాగుందనే తిన్నారు. చిన్నాయన అంగట్లోంచి వచ్చి ఎక్కువ తొనలు ఆయనే తిన్నాడు.

చెట్టు కాసింది గానీ చిన్నమ్మకు పిల్లలు పుట్టలేదు. బట్లహళ్ళి మాట మళ్ళీ ఒకటి రెండుసార్లు లేచింది. కొన్నాళ్ళకు ఆ పిల్లకు పెళ్ళయిపోయింది, మాట లేవడం మానేసింది. మా ఇంట్లో ఎవరికీ జ్ఞానోదయం కాలేదు. జనం మంచివాళ్ళు కావడం నేను తక్కువ చూశాను, అలిసిపోవడమే ఎక్కువ చూశాను. ఆ అలుపే చాలాసార్లు మనల్ని బతకనిస్తుంది. పనస కొన్నేళ్ళు కాసింది, కొన్నేళ్ళు కాయలేదు, ఎవరూ గొడ్డలి పట్టలేదు. మేష్ట్రు ఒక చలికాలం పొద్దున, అనపతీగ వాసన మధ్య, తన గొయ్యిలోనే కన్నుమూశాడు. చాలా కాలం తరవాత అన్నదమ్ముల పంపకాల్లో పెరడు ఎవరికో పోయింది. ఇప్పుడక్కడ బండ్లు నిలిపే షెడ్డు. నేను ఆ వీధిలో పోయేటప్పుడు తల తిప్పను.

ఇదంతా తలుచుకుంటూ మేడమీద ఎంతసేపు నిలబడ్డానో, పుదీనా చేతిలోనే వాడిపోయింది. గడప దగ్గర కుక్క మెట్ల వైపే చూస్తూ కూర్చునుంది. నాలుక బయట పెట్టి ఎగరొప్పుతోంది. నేను లోపలికి వచ్చి మంచం పక్కన కూలబడ్డాను.

"చిన్నమ్మా, నిద్రపోయినావా?"

"యాడ నిద్ర."

"ఒగ మాట అడుగుతా చెప్పు. ఆ ఏడు పొద్దున్నే చెట్టుకాడ కాయి, కాయి అంటాంటివి గదా. అవ్వేమో చెట్టుకి చెప్తాండావనుకునింది. నేనేమో కుక్కకి చెప్తాండావని కనిపెట్టినానని మురిసిపోయినా. యెవురికి చెప్పినావు?"

చిన్నమ్మ గోడ వైపు నుంచి మెల్లగా నా వైపు తిరిగింది.

"నాకు" అంది.

నేను ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"చెట్టుకి చెప్తే వింటాదా? కుక్కకి ఒగతూరి చెప్తే చాలు, యేడాది పొడుగూ చెప్పాల్నా? నాకే చెప్పుకుంటాంటి. పెట్టె తీసుకుని పోదామా అని పొద్దున లేస్తూనే అనిపిస్తాండె. బావిలోకి చూస్తే ఇంగోటి అనిపిస్తాండె. అందుకే, కాయి, ఇంగొక పొద్దు కాయి, అని."

అంతకాలం ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. చేద వదిలేసిన చప్పుడు కూడా విన్నాను. ఆమె రోజూ పొద్దున ఆ బావిగట్టు మీద నిలబడేదని నాకు తెలుసు, ఎందుకు ఆమె నీళ్ళలోకి అంతసేపు చూసేదో తెలియదు. ఆమె ఎముకల చెయ్యి తీసుకుని పట్టుకున్నాను. పొద్దుటి నుంచి ఆమె మీద ఉన్న విసుగు ఎటుపోయిందో పోయింది.

"దేని కోసరం కాచుకుంటివి చిన్నమ్మా?"

"అది తెలిసింటే కాచుకునే పనేముండాదే" అని, తల కొంచెం ఎత్తి గడప వైపు చెవి పెట్టింది. "ఆ కుక్క యెగరొప్పతాండాది చూడు. ముందు దానికి నీళ్ళు పెట్టు. కాచుకునేవాళ్ళకి దప్పిక జాస్తి."

మోకాళ్ళు పట్టుకుని లేచాను. రెండు గిన్నెల్లో నీళ్ళు పోసి, ఒకటి కుక్క ముందర పెట్టి, రెండోది చిన్నమ్మ నోటికి అందించాను.